గార పళ్ళ టీచరమ్మ

ఎనభైలలో ఒకనాటి ఉదయం ఆరున్నరకు మా బడి సైన్సు టీచరమ్మ చంకన బిందెతో, మా వీధి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పెద్ద బావి దగ్గరికి వచ్చింది. తమిళనాడు ధర్మపురి జిల్లాలో, మారండహళ్ళి పక్కన మా ఊళ్ళో అది వింత. మా వీధివాళ్ళు ఆ బావి చేద తాకకూడదు.

మా బోరింగు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అవి తాగి పిల్లల కాళ్ళు వంకరపోయేవి. అందరి పళ్ళకూ గార పట్టి, ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేవారు. మా వీధిలోనే పుట్టి పెరిగిన టీచరమ్మవీ గార పళ్ళే. అయినా కొండనాలుక కనబడేలా నవ్వేది.

ఊరి నీళ్ళన్నీ ధర్మపురిలో పరీక్ష చేయించి, తాగకూడదని మా బోరింగుకు ఎర్రరంగు, మంచి నీళ్ళని పెద్ద బావికి పచ్చరంగు పూసింది ఆమే. బావి యజమాని పొంగిపోయి ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఉదయం ఆయన పరుగున వచ్చాడు. "ఏం టీచరమ్మా, వీళ్ళనెందుకు పిల్చుకొని వచ్చినావు?"

"మంచి నీళ్ళని మీరే కదయ్యా చాటినారు? వీళ్ళకూ చెవులుండాయి."

"ఆ రంగు గీకేస్తా!"

"గీకినా నీళ్ళు మంచివే. పోనీ, మీ మనవళ్ళకు మా బోరింగు నీళ్ళు తాపండి. ఇట్లాంటి పళ్ళొస్తాయి!" అని నోరంతా తెరిచి నవ్వింది.

వెనక మా అమ్మ కూడా చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి నవ్వింది. నవ్వుతూనే చేద అందుకుంది. యజమాని పచ్చరంగు వైపు చూశాడు, గీకలేదు. కులం కంటే బావికొచ్చిన పేరే ఆయనకు ముద్దయినట్టుంది.

టీచరమ్మ నెల కింద చనిపోయింది. మా వీధిలో ఇప్పుడెవరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వరు.