జీపు ఫ్యాను, తునికాకు మీద రాయి

పోయిన నెల నిజామాబాద్ బస్టాండు ఎదుట మందుల దుకాణం దగ్గర నిలబడి ఉండగా ఒకాయన కారు ఆపి, తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లాడు. ఇంజిన్ ఆగిపోయింది. ఆగిన బండిలో రేడియేటరు ఫ్యాను మాత్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఎవరూ తల తిప్పలేదు. ఈ రోజుల్లో అది వింత కాదు. నేను మాత్రం వంగి, చేతిలోని మందుల చీటీని కారు ముందరి గ్రిల్లుకు ఆనించాను. చీటీ అతుక్కుని నిలిచింది. ఆయన తిరిగి వచ్చి, "ఏం సూస్తున్నరు పెద్దమనిషీ?" అని అడిగాడు. గాలి లోపలికి పోతున్నదో బయటికి వస్తున్నదో చూస్తున్నానన్నాను. ఆయన చీటీని మర్యాదగా ఊడదీసి నా చేతిలో పెట్టి, "ముందు మందులైతే తీసుకోండ్రి" అన్నాడు. ఫ్యాను నలభై ఏడు సెకన్లు తిరిగి ఆగింది. గడియారం చూసే చెబుతున్నాను.

నా ఉద్యోగమంతా బోధన్‌లో చెరకు తూకం కాటా దగ్గర గడిచింది. రైతు తన బండిలో ఎంత చెరకుందో ఎంత నమ్మకంగా చెప్పినా, కాటా ముల్లు నిలిచేదాకా నేను కలం ఎత్తేవాణ్ణి కాను. ముప్పై ఏళ్లు అలా బతికిన మనిషికి ఇంట్లో కూడా అదే అలవాటవుతుంది. పాలు పొంగిన సమయం, దీపం పోయిన సమయం, బంధువులు వస్తామన్న సమయం, వచ్చిన సమయం, అన్నీ పుస్తకంలో రాసేవాణ్ణి. మా అక్క దీన్ని జబ్బు అనేది. బావ నవ్వి ఊరుకునేవాడు. వారిద్దరూ మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. అక్క బీడీలు చుట్టేది. బావ చాలాకాలం ఇతరుల లారీ మీద డ్రైవరుగా పనిచేసి, నెలకు నాలుగు రోజులు మాత్రమే ఇంట్లో కనిపించేవాడు. చివరికి ఒక పాత డీజిల్ జీపు కొనుక్కుని బోధన్ నుంచి రుద్రూరు మీదుగా వర్నికి ప్రయాణికులను తిప్పడం మొదలుపెట్టాడు. ఆ జీపు తిరిగినంత కాలమే బావ ఇంట్లో ఉంటాడు. అది మూలపడితే మళ్లీ లారీ ఎక్కాలి. ఈ సంగతి అక్క ఎన్నడూ నోటితో అనలేదు గాని, రోజూ సాయంత్రం జీపు చప్పుడు వినిపించేదాకా చాట ఒళ్లోంచి దించేది కాదు.

1993 జనవరిలో ఆ జీపు మమ్మల్ని ఏడిపించింది. చెరకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ దారిలో ఎడ్లబండ్లు వరుస కడితే జీపు వాటి వెనక నడక వేగంతో పాకవలసిందే. దాని ఫ్యాను ఇంజిన్ బెల్టుతో తిరిగేది. ఇంజిన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదించేది. సరిగ్గా గాలి కావలసిన చోట గాలి ఉండేది కాదు. రేడియేటరులో నీళ్లు మరిగేవి. ప్రయాణికులు దిగి, బావను నాలుగు మాటలని, నడిచిపోయేవారు. నేను ఒక పత్రికలో కరెంటు ఫ్యాను గురించి చదివి ఉన్నాను. బ్యాటరీతో తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ వేగంతో దానికి పనిలేదు. బావకు లెక్క వేసి చూపించాను. ఆయన సగమే విన్నాడు. అక్క మాత్రం, "వాడు లెక్కలోడు, ఊకె చెప్పడు. చేయనియ్యి" అంది. ఆ మాట తర్వాత చాలా రోజులు నన్ను పొడిచింది.

జనవరి 11న నిజామాబాద్‌లో ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి జీపు తీసుకెళ్లాం. ఆయన పాత ఫ్యాను నాలుగు బోల్టులు విప్పి పక్కన పెట్టాడు. ఏదో కారులోంచి తీసిన కరెంటు ఫ్యానును రేడియేటరు వెనక బిగించాడు. వైర్ల దగ్గర మాకు మాట పెరిగింది. మోటారుకు ఎర్ర వైరు ఒకటి, నల్ల వైరు ఒకటి ఉన్నాయి. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి కలపమన్నాను. మిస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"రంగు సూడొద్దు సార్. ఇది పాత మోటరు, ఎవడెవడు వైర్లు మార్చిండో ఎవనికి ఎర్క. గాలి సూడాలె" అంటూ జేబులోంచి ఒక తునికాకు ముక్క తీశాడు. ఆయన ఇంట్లోనూ బీడీలు చుట్టేవారే. ఫ్యాను తిప్పి, ఆకును గ్రిల్లు ముందు పట్టి, అతుక్కుంటే సరైన దిక్కున తిరుగుతున్నట్టు, ఎగిరిపోతే తలకిందులైనట్టు చూడటం ఆయన పద్ధతి.

"ఆకు ఎన్ని డిగ్రీలు చూపిస్తది?" అన్నాను.

మిస్త్రీ బావ వైపు తిరిగి, "మీ బామ్మర్ది మాస్టరా?" అని అడిగాడు.

"కాటా గుమాస్తా" అన్నాడు బావ.

"అందుకే" అని ఆకును మళ్లీ జేబులో పెట్టుకుని, నేను చెప్పినట్టే రంగుకు రంగు కలిపాడు మిస్త్రీ.

జీపుకు నేను అంతకుముందే నీళ్ల వేడి చూపే అంకెల మీటరు బిగించి ఉన్నాను. బానెట్ తెరిచి ఉంచి, ఇంజిన్ ఇరవై నిమిషాలు నడిపించాను. ముల్లు 82 దగ్గర నిలిచింది. తేదీతో సహా రాసుకుని, ఒక అట్టముక్క మీద "ఇంజిన్ నడుచుచున్నంతసేపు ఫ్యాను నడవవలెను" అని రాసి మీటరుకు, ఫ్యాను స్విచ్చుకు మధ్య అతికించాను.

మరునాటి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. బండ్ల వరుస వెనక 93 దాటలేదు. పూర్వం కన్నా మేలే. ఖాళీ రోడ్డు మీద, ఏనాడూ వేడెక్కని చోట, ముల్లు ఎక్కసాగింది. నలభై వేగంలో 97. యాభైలో 101. వేగం పెరిగితే బండి చల్లబడాలి గాని వేడెక్కడమేమిటి? రేడియేటరు కడిగించాను. మూత మార్చాను. నీటి పంపు విప్పించాను. ప్రతి మార్పు తర్వాత ఒక గీత గీసి కొత్త పట్టిక మొదలుపెట్టాను. పట్టికలు పెరిగాయి, వేడి తగ్గలేదు. కాటా దగ్గర కూర్చున్నా కళ్ల ముందు ఆ ముల్లే. మిస్త్రీ దగ్గరికి తిరిగి వెళ్లాలని మూడుసార్లు అనుకుని, ఆ ఆకు గుర్తొచ్చి మూడుసార్లూ ఆగిపోయాను.

జనవరి 19 సాయంత్రం బావ నెమ్మదిగా, "బామ్మర్ది, ఒకటి చెప్త, కోపానికి రాకు. ఇయ్యాల రుద్రూరు దాటినంక ఫ్యాను బంద్ చేసిన. ముల్లు దిగింది" అన్నాడు.

"ఎంతకు దిగింది?"

"అంకె సూడలే. దిగింది."

"ఫ్యాను బంద్ చేస్తే బండి చల్లబడుతదా బావా? ఎవలన్న ఇంటే నవ్వుతరు. అట్ట మీద ఏం రాసిన?"

 పుస్తకంలో జనవరి 19 అని వేసి ఉంచాను. బావ అంకె చెప్పలేదు కనుక గడి ఖాళీగా వదిలేశాను. అప్పటి నుంచి బావ నా అట్టముక్క ప్రకారమే నడిపాడు.

ఫిబ్రవరి 3న వర్ని రోడ్డు మీద, తొమ్మిది మంది ప్రయాణికులతో, జీపు ఆవిరి కక్కుతూ ఆగింది. అందరూ తొందరపెడుతుంటే బావ చల్లబడనివ్వకుండా రేడియేటరు మూత తిప్పాడు. మరిగే నీళ్లు కుడి ముంజేయి మీద పడ్డాయి. ఎవరో ట్రాక్టరు మీద తీసుకొచ్చారు. ఆ రాత్రి ఇల్లంతా కాలిన గాయాల మందు వాసన. ఇంజిన్ కూడా కాలిపోయి ఉంటే జీపును తుక్కుకు వేయడమే అన్నాడు బావ. లారీ యజమాని పేరు కూడా ఒకసారి ఎత్తాడు. అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు తెల్లవారి, లాక్కొచ్చి వాకిట్లో నిలిపిన జీపులో నీళ్లు పోసి, భయపడుతూ స్టార్టు చేశాను. ఇంజిన్ అందుకుంది. ఫ్యాను వేసి దిగి చూస్తే, అక్క జీపు ముందర పీట వేసుకుని, చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్నది. కత్తిరించిన ఆకుల కట్ట మీద గుప్పెడంత రాయి ఉంది. గాలి లేని ఉదయం. పక్కింటి తీగ మీద ఆరేసిన చీర కొంగు కూడా కదలడం లేదు.

"ఆకు మీద రాయెందుకక్కా?"

"నీ ఫ్యాను గాలికి ఎగురుతున్నయి తమ్మీ."

"ఆ గాలి ఇటు రావొద్దు కదా?"

"నాకేమెర్క? నువ్వు పెట్టించిన దినం సంది గిట్లనే వస్తుంది. పొద్దుగాల మీ బావ బండి వేడి చేస్తడు కదా, వెచ్చగ ఉంటదని గీన్నే కూసుంటున్న. సలికాలానికి మంచిగ పెట్టించినవనుకున్న."

ఇరవై నాలుగు రోజులుగా ఫ్యాను తలకిందులుగా తిరుగుతూ, వేడిని ముందుకు ఊదుతున్నది. బండి నిలిచి ఉంటే ఆ ఊదుడుతో కొంత పని నడిచింది. పరుగెత్తినప్పుడు ఎదురు వచ్చే గాలిని అదే అడ్డుకున్నది. అందుకే బావ ఆపినప్పుడు ముల్లు దిగింది. నేను ఎర్ర వైరు, నల్ల వైరు విప్పి మార్చి కలిపాను. రెండు నిమిషాలు పట్టింది. అక్క చాటలోంచి ఒక ఆకు తీసుకుని గ్రిల్లుకు ఆనించాను. చప్పున అతుక్కుంది.

బావ గడపలో కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. "ఎన్ని డిగ్రీలు చూపిస్తుంది బామ్మర్ది, ఆకు?" అన్నాడు.  ఆయన నవ్వితే బాగుండునని చాలాసేపు ఎదురుచూశాను. అక్కే నవ్వింది. రాయి తీసి అవతల పడేసి, "రేపటి సంది నాకు సలి" అంది.

జీపు ఆ తర్వాత పదకొండేళ్లు తిరిగింది. లారీ మాట మా ఇళ్లలో మళ్లీ వినిపించలేదు. బావ చివరి రోజుల్లో ఒకసారి ఆ కాలిన మచ్చ చూపించమంటే, ఏ చెయ్యో గుర్తురాక రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. ఆయన ఇప్పుడు లేడు. పుస్తకం ఉంది. జనవరి 19 ఎదుట ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అందులో "దిగింది" అని రాయాలని ఇన్నేళ్లుగా నాకు తెలుసు. రాయవలసిన రోజు మాత్రం ఆ ఒక్కటే.