గేరి నడిమధ్య సిమెంటు రోడ్డు

పంచాయతీ ఓట్ల నాడు జీవమ్మ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఇంట్లోంచి వాకిలికి, వాకిట్లోంచి రోడ్డు మీదికి, మళ్లీ లోపలికి. పొయ్యి మీద పప్పు మాడి గేరంతా కంపు కొట్టింది.

"కాలుగాలిన పిల్లి మాదిరి యాడ తిరుగుతాండావే? ఇట్ల కూర్చో" అన్నాడు మొగుడు ఓబుళేశు.

కూర్చుంటే కదా! ఆమె గుబులంతా నీళ్ల గురించి. ఆలూరు పక్క ఆ ఊరికి ఉండేది ఒకటే ట్యాంకు. ఊరి కొసనున్న ఈ వీధికి, అదే వాళ్ల గేరికి, నీళ్లు రావాలంటే వాల్వు తిప్పేవాణ్ణి ఎవరో ఒకరు గద్దించాలి. వార్డు మెంబరుగా ఉన్నన్నాళ్లూ ఆ గద్దింపు జీవమ్మదే. గేరి మొత్తం ఒక్కమాట మీద ఓటేసేది కాబట్టి ఆమె గెలిచేది, ఆమె గెలిచేది కాబట్టి బిందెలు నిండేవి.

ఊరికే ఉండొచ్చు కదా మహాతల్లి! గేరికి రోడ్డు కావాలని, అదీ నడిమధ్యన సాఫీగా పోవాలని పట్టుబట్టింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి సిమెంటు రోడ్డు వేయించింది. ఈసారి వార్డులు మళ్లీ విడగొట్టినప్పుడు సరిగ్గా ఆ రోడ్డునే హద్దు పెట్టారు. ఉత్తరం ఇండ్లు ఆరో వార్డు, దక్షిణం ఇండ్లు ఏడో వార్డు. రెండింటిలోనూ ఊరోళ్ల ఓట్లే ఎక్కువ. ఇదేమి అన్యాయమని అడగబోతే, "హద్దుకు రోడ్డు కన్నా మంచి గురుతు యాడుండాదమ్మా?" అన్నారు ఆఫీసర్లు. కోరి తెచ్చుకున్న మొగుడు ఎగిరెగిరి తన్నినట్టయింది ఆమె బతుకు.

జీవమ్మ ఆరో వార్డులో నిలబడింది. ఏడో వార్డులో పోటీ ఊరోళ్లిద్దరి మధ్య. ఒకడు హనుమేష్, గేరోళ్లకు నీళ్లిస్తే మాకేం మిగులుతాయని నలుగురిలో అన్నవాడు. రెండోవాడు పెద్దరైతు నరసన్న. ఆయన అన్నదమ్ముల ఇండ్లన్నీ ఆరో వార్డులో ఉన్నాయి. ఆ లెక్క చూసుకునే జీవమ్మ గడపకొచ్చాడు.

"మావోళ్లు నీకేస్తారు. నీ దక్షిణం పక్కోళ్లు నాకెయ్యల్ల. ఇద్దరం గెలిస్తే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లొస్తాయి. ఇది నా మాట" అన్నాడు.

"నా మాటా అంతేనప్పా" అంది జీవమ్మ.

ఆ సాయంత్రమే రచ్చకట్ట మీద గేరోళ్లను కూర్చోబెట్టి నరసన్నకు వేయమని చెప్పింది. ఎవరూ కాదనలేదు. ఔననీ అనలేదు. పోలింగు నాడు ఆమె కాలు నిలవకపోవడం అందుకే.

మధ్యాహ్నం బడిలో లెక్కింపు మొదలైంది. జీవమ్మ లోపల నిలబడలేక, బయట ఉండలేక చీర కొంగు నలిపి నలిపి వత్తి చేసింది. ముందు ఆరో వార్డు ఫలితం చెప్పారు. జీవమ్మ గెలిచింది! నరసన్న అన్నదమ్ములు ఒక్క ఓటు పోనివ్వలేదు. అబ్బా, ఎంత ఊపిరి పీల్చుకుందో! తర్వాత ఏడో వార్డు. నరసన్న తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. ముద్రే పడని కాగితాలు పద్నాలుగు వచ్చాయి.

నరసన్న ఒకసారి ఆమె వైపు చూసి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

జీవమ్మ పరుగున రోడ్డు దాటి తోటికోడలు నాగలత ఇంట్లో పడింది.

"ఏమే, నరసన్నకు ఎయ్యలేదా మీరు?"

"ఎట్లేస్తామక్కా? రొట్టె తినలేదా?" అంది నాగలత.

అప్పుడు గుర్తొచ్చింది జీవమ్మకు. వార్డులు విడగొట్టక ముందే, ఎన్నికలొస్తున్నాయని తెలిసిన రోజే, గేరంతా పాత పద్ధతి ప్రకారం ఒకే జొన్నరొట్టెను తలా ఒక తునక తుంచుకుని తిన్నారు. ఓటు జీవమ్మకు తప్ప ఇంకెవరికీ వేసేది లేదని ఒట్టు. ఆ రొట్టె తిన్నాక మాట తప్పిన మనిషి ఆ గేరిలో ఇంతవరకూ లేదు.

"కాగితంలో చూస్తే నువ్వు లేవు. నువ్వు లేనప్పుడు ఇంకెవరికేస్తాం? మా పక్కోళ్లందరం మడిచి అట్లే డబ్బాలో ఏసొచ్చినాం" అంది నాగలత, మొహం వెలిగిపోతుండగా.

కొట్టాలో కావలించుకోవాలో తెలియక జీవమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. గెలిచినందుకే ఏడుస్తోందనుకుంది ఆ వెర్రిబాగుల్ది నాగలత.

పొద్దు వాలకముందే జీవమ్మ నరసన్న ఇంటికి పోయింది. ఆయన తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు.

"మావోళ్లు మాట తప్పలేదు జీవమ్మా" అన్నాడంతే.

నీ వల్లే నేను గెలిచినాను, నా వల్లే నువ్వు ఓడినావు అని చెప్పాలనుకుంది. కానీ తల వంచుకుని తిరిగొచ్చింది.

వారం తిరక్కుండానే హనుమేష్ అన్నంత పనీ చేశాడు. ఉత్తరం పక్క కొళాయిలకు నీళ్లొచ్చాయి, దక్షిణం పక్క ఉత్త గాలి బుసకొట్టింది. నాగలత రెండు బిందెలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. జీవమ్మ సగం నిండిన తన బిందె పక్కకు లాగి, ఆమెది పెట్టింది.

"నువ్వేం దిగులు పడొద్దక్కా" అంది నాగలత. "నీళ్లదేముంది, మోసుకుంటాం. మేం మాట తప్పింటే, ఈ ఊర్లో నువ్వు తలెత్తుకుని తిరిగేదానివా?"

జీవమ్మ తల ఎత్తలేదు.

"జరుగు, నిండింది" అని రెండో బిందె పెట్టింది.