జగ్గయ్యపేటకి నేను వెళ్లని రోజు

నేను పాస్టర్‌ని. దెయ్యం పట్టిందని ఎవర్నైనా తీసుకొస్తే తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తా. తర్వాత ఇంట్లోవాళ్లని పక్కకి పిలిచి మంచి డాక్టరుకి చూపించమంటా. చనిపోయినవాళ్లు కనపడ్డారనీ, ఒకే మనిషి రెండు చోట్ల కనపడ్డాడనీ ఎవరైనా చెబితే పైకి తల ఊపి లోపల నవ్వుకునేవాణ్ణి.

ఇప్పుడు రాస్తున్నది కూడా దెయ్యం కథ కాదు. నేను చేసిన ఒక సిగ్గుమాలిన పని గురించి. అందులో నాకు అంతుపట్టని ముక్క ఒకటి ఉంది, అంతే.

అప్పట్లో మా బిషప్ గారి దగ్గర చాప్లిన్‌గా ఉండేవాణ్ణి. ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లాలి. ఆరాధనలో ఆయన చేతికర్ర పట్టుకుని ముందు నడవాలి. ప్రసంగం కాగితాలు, బీపీ మాత్రలు, ఫోను అన్నీ నా దగ్గరే. ఆయన్ని ఎవరు ఎప్పుడు కలవాలో రాసే డైరీ కూడా నా చేతిలోనే ఉండేది. ఆ డైరీయే నా తలకెక్కింది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద పాస్టర్లు కూడా "అయ్యగారూ, కాస్త మా సంగతి చూడండి" అని నా వెనక తిరుగుతుంటే బాగుండేది.

జగ్గయ్యపేటలో సుందరమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేవారు. బైబిల్ ఉమన్‌గా చేసి రిటైరయ్యారు. అంటే పల్లెలు తిరిగి ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాక్యం చదివి వినిపించే ఉద్యోగం. బిషప్ గారు కుర్ర పాస్టరుగా ఆ ఊళ్లో ఉన్నప్పుడు, ఎండలో చెరొక సైకిలు మీద ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్ని తిప్పింది ఆవిడేనట.

ఆవిడ మంచాన పడ్డారు. కూతురు శాంత స్కూలు టీచరు. నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది.

"అమ్మ బిషప్ గారి చేతి సంస్కారం తీసుకోవాలంటోందండి. ఒక్క పది నిమిషాలు చాలండి."

సంస్కారం అంటే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. పోయేముందు అది తీసుకోవాలని మావాళ్లందరికీ ఉంటుంది. నేను నాలుగుసార్లూ "చూద్దామమ్మా, ప్రోగ్రాములు ఎక్కువున్నాయి" అన్నా. డైరీలో రాయలేదు. బిషప్ గారికి చెప్పలేదు. కారణమేంటని అడిగితే చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అంతకుముందు రెండు మూడుసార్లు వెళ్లి చూసిందే, కారు వెళ్లని సందు, రెండు గదుల ఇల్లు, ఎవరికీ తెలియని మనిషి. అంతే.

మూడేళ్ల కిందట ఏప్రిల్లో ఒక ఆదివారం, నందిగామలో కన్ఫర్మేషన్ ఆరాధన, అంటే ఈడొచ్చిన పిల్లల్ని బిషప్ గారు సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ఆరాధన, పెట్టారు. చుట్టుపక్కల పాస్టర్లందరూ వచ్చారు. జగ్గయ్యపేట పాస్టర్ గారు కూడా అక్కడే ఉన్నారు, సాయంత్రం దాకా కదల్లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

భోజనాల దగ్గర జగ్గయ్యపేట సంఘపెద్ద ఒకాయన బిషప్ గారికి సుందరమ్మ గారి సంగతి చెప్పేశాడు. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా వైపు చూశారు.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మర్చిపోయానండి" అన్నా.

ఆ మధ్యాహ్నం నందిగామ కమిటీవాళ్ల తగాదా ఒకటి తేల్చాల్సి ఉంది, ఆయన కదిలే వీల్లేదు. "నువ్వు కారు తీసుకెళ్లి సంస్కారం ఇచ్చి రా. వచ్చే వారం నేనే వస్తానని చెప్పు" అన్నారు. నేను శాంతకి ఫోన్ చేసి మూడింటికల్లా వస్తానని చెప్పా. అవతల ఆ పిల్ల ఏడుస్తూనే థాంక్స్ చెప్పింది.

ఎండ మండిపోతోంది. తెల్లవారుజాము నుంచి నిలబడే ఉన్నా. నందిగామ పాస్టర్ గారింటి ముందుగదిలో కూలర్ తిరుగుతోంది. పావుగంట నడుం వాల్చి వెళదామనుకుని పడుకున్నా. లేచేసరికి నాలుగూ ఇరవై.

ఫోను సైలెంట్‌లో ఉంది. శాంత దగ్గర్నుంచి రెండు మిస్డ్ కాల్స్. అవి మూడింటికి ముందు చేసినవే. మూడు దాటాక ఒక్కటీ లేదు. అప్పుడైనా బయల్దేరితే అరగంటలో అక్కడ ఉండేవాణ్ణి. వెళితే ఇంత ఆలస్యమైందని బిషప్ గారికి తెలిసిపోతుందని వెళ్లలేదు.

తిరుగు ప్రయాణంలో కార్లో ఆయన అడిగారు. "వెళ్లొచ్చావా?"

"వెళ్లొచ్చానండి."

"ఎలా ఉంది?"

"ప్రశాంతంగా ఉన్నారండి. మిమ్మల్ని అడిగారు."

ఆ రెండో మాట ఎవరూ అడక్కుండానే నేను కలిపింది. బండి నడుపుతున్న సాంబయ్య అద్దంలోంచి ఒకసారి నన్ను చూసి మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

సుందరమ్మ గారు ఆ రాత్రే పోయారు. పొద్దున్నే కబురొచ్చింది. బిషప్ గారు అన్నీ రద్దు చేసుకుని బయల్దేరారు. దారి పొడుగునా ఏం చెప్పి తప్పించుకోవాలా అని చూస్తున్నా. శాంత అందరిముందూ అడుగుతుంది, నా పని అయిపోతుంది. అదొక్కటే నా దిగులు. చనిపోయిన ఆవిడ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మమ్మల్ని చూడగానే శాంత లేచి వచ్చింది. బిషప్ గారికి వందనం చేసి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"నిన్న మీరు రాకపోతే అమ్మ అంత నెమ్మదిగా పోయేది కాదండి అయ్యగారూ."

నా పరువు కాపాడుతోందనుకున్నా. కానీ ఆ పిల్ల మొహంలో అలాంటిదేమీ లేదు. బిషప్ గారితో వరసగా చెప్పుకుపోయింది. అయ్యగారు మూడూ పదికి వచ్చారట, అమ్మకి మాత్ర వేసే టైము కాబట్టి గుర్తుందట. కారేదండీ అంటే నడిచొచ్చానన్నారట. ఎదురింటావిడ కుర్చీ తెస్తే వద్దని మంచం పక్కన నేలమీదే కూర్చున్నారట. సంస్కారం ఇచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఉన్నారట.

"ఇదివరకు ఎప్పుడొచ్చినా మా ఇంట్లో మంచినీళ్లు ముట్టేవారు కాదండి, సీసా తెచ్చుకునేవారు. నిన్న మా కుండలో నీళ్లు అడిగి తాగారు. అమ్మ ఎంత సంతోషపడిందో."

ఎదురింటావిడ పక్కనే నిలబడి అవునవునంటోంది. బిషప్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. నేనేమన్నానో తెలుసా?

"అంతా దేవుని చిత్తమమ్మా" అన్నా.

సమాధి దగ్గర ప్రార్థన కూడా నేనే చేశా. నోరు దానంతటదే నడిచింది.

సాయంత్రం బిషప్ గారిని బంగళాలో దించాక సాంబయ్య నా దగ్గరికొచ్చాడు.

"అయ్యగారూ, నిన్న బండి వేపచెట్టు కింద నుంచి కదల్లేదండి. తాళం నా జేబులోనే ఉంది. మీరు కూలర్ ముందు పడుకుంటే లేపుదామని రెండుసార్లు వచ్చి చూశా. రెండోసారి మూడున్నర."

"తెలుసు సాంబయ్యా."

"మరి శాంతమ్మ గారు చెప్పింది..."

"నాకూ తెలీదు."

డిక్కీ తీయించి, నిన్న ఆవిడ కోసం సర్దిన సంస్కారపు పెట్టె చూశా. సంస్కారంలో రొట్టెగా ఇచ్చే పల్చటి అప్పాలు మూడు పెట్టా, మూడూ ఉన్నాయి. ద్రాక్షరసం సీసా సీలు తీయలేదు. చిన్న గిన్నె చుట్టూ నేను మడిచిన గుడ్డ మడత కూడా చెదరలేదు. సాంబయ్య అది చూసి దూరం జరిగాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు తగ్గించేశాడు. భయమో అసహ్యమో నేను అడగలేదు.

ఇంకో పాస్టరు ఎవరైనా వెళ్లారేమోనని నెలల తరబడి వాకబు చేశా. ఎవరూ వెళ్లలేదు. అయినా శాంతకి నా మొహం తెలియందా?

రెండేళ్లు నోరు మూసుకునే ఉన్నా. బిషప్ గారు రిటైరయ్యే ముందు పాస్టర్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడుతూ, ఎండలో నడిచివెళ్లి నేలమీద కూర్చుని ఒక ముసలావిడకి సంస్కారం ఇచ్చిన చాప్లిన్ గురించి చెప్పారు. పేరు చెప్పలేదు కానీ అందరూ నా వైపే చూశారు. చప్పట్లు కూడా కొట్టారు. అక్కడ తలదించుకుని కూర్చుంటే, నా వినయం చూసి మెచ్చుకుంటున్నారని అర్థమై ఇంకా కుంగిపోయా.

ఆ సాయంత్రమే ఆయన గదికి వెళ్లి మొత్తం చెప్పేశా. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అది ఎవరై ఉంటారని అడగలేదు. నన్ను తిట్టలేదు కూడా.

"ఇది శాంతకి చెప్పావా?"

"లేదండి."

"మరి ముందు నా దగ్గరికెందుకొచ్చావు? ఇక్కడ కూడా పెద్దవాణ్ణే చూసుకున్నావా?"

మర్నాడు బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లా. శాంత స్కూలు నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నా. వచ్చాక ఏదీ దాచకుండా చెప్పా. నాలుగు ఫోన్లు, నిద్ర, కార్లో అబద్ధం, పెట్టెలో మూడు అప్పాలు.

నన్ను గెంటేస్తుందనుకున్నా. గెంటేసినా బాగుండేది. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. రెండేళ్లుగా ఆమెకి ఉన్న ఒక్క ఊరటనీ నా మనసు తేలిక చేసుకోవడానికి లాగేసుకున్నానని అప్పుడు తెలిసింది. కొంగు తీసి అడిగింది.

"మీరు రాలేదంటున్నారు, సరే. మరి అమ్మ నోట్లో పెట్టింది నేను చూశానండి. అది సంస్కారమేనా అయ్యగారూ?"

పాస్టర్‌ని. అలాంటి ప్రశ్నకి జవాబు చెప్పడమే నా పని. చదువుకున్నదంతా వెతుక్కున్నా. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"అవునమ్మా, సంస్కారమే" అన్నా.

కార్లో బిషప్ గారికి చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఇది అబద్ధమో నిజమో మాత్రం ఇవాళ్టికీ తెలియదు.