దండెం మీద తెల్ల గుడ్డలు

మొన్న పొద్దున జనగామ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మేనత్త పోయింది. నిద్రలోనే పోయిందట. పోయేటప్పుడైనా భయపడలేదు కదా అనుకున్నాను, బతికినన్నాళ్లూ ఆమెకు భయమే.

వీధిలో జీపు ఆగితే చాలు, చేతిలో పని వదిలేసి తలుపు వైపు చూసేది. ఆమె మా బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. మా బట్టల దుకాణంలో కొత్తగా వచ్చిన బట్ట తాను ఆమె చూడందే అల్మారా ఎక్కేది కాదు. బెత్తెడు ముక్క కత్తిరించి, తెల్ల గుడ్డతో కలిపి సోడా నీళ్లలో పిసికి, రెండింటినీ వాకిట్లో దండెం మీద ఆరేసేది. తెల్లదానికి రంగు అంటితే తాను వాపస్.

"కడగకముందు ఏ బట్టను నమ్మొద్దు బిడ్డా" అనేది. మనుషుల్ని మాత్రం కడగకుండానే నమ్మేసేది.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒకరోజు బాపు గోడల మీద నినాదాలు రాసి తెల్లవారేసరికి ఇల్లు చేరాడు. తెల్ల చొక్కా నిండా ఎర్ర రంగు చుక్కలు. రాసినవాళ్ల కోసం పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. అత్త ఎంత రుద్దినా మరకలు పోలేదు.

"పొయ్యిల పెడ్త అక్కా" అన్నాడు బాపు.

"వాసన బయటికి పోతది. జర ఊకో తమ్మీ."

చొక్కాను బెత్తెడు ముక్కలుగా కోసి, పరీక్ష గుడ్డల మధ్య ఆరేసింది. కాలరు, గుండీలు రొంటిన దోపుకుంది. రంగు అంటిన బాపు చేతులను ఎర్ర బట్ట నానుతున్న తొట్టిలో పెట్టించింది.

పోలీసు వచ్చి ఒక ముక్కను లాఠీతో ఎత్తాడు. "ఇవేంటి?"

"రంగు దిగే బట్ట సారూ. తెల్లదానికి అంటుకున్నది. వాపస్ పంపుతున్నం."

నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. ఆమె కాళ్లు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. భయపడేవాళ్లను చూసి చూసి అలవాటైన మనిషి కాబట్టి, ఆ వణుకు అతనికి వింతగా తోచలేదు. వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను ఒక మిల్లు పరీక్షశాలలో పనిచేస్తున్నాను. ఉతికిన గుడ్డలను కెమెరా చూస్తుంది, రంగు ఎంత దిగిందో, పక్కదానికి ఎంత అంటిందో కంప్యూటర్ చెబుతుంది. కిందటేడు ఫోన్‌లో వీడియో చూపిస్తే అత్త మురుస్తుందనుకున్నాను.

"నీళ్లల్ల అంటిన రంగుకు, మీద చింది ఎండిన రంగుకు ఫరక్ తెలుస్తదా దీనికి?" అని అడిగింది.

"రెప్పపాట్ల తెలుస్తది అత్తా."

"గిది అప్పుడుంటే మీ బాపు మనకు దక్కకపోతుండె" అని, ఫోన్‌ను మంచం మీద బోర్లించింది.

ఇవాళ పనిలోకి వచ్చాను. కెమెరా కిందికి ఎర్ర చుక్కలు పడ్డ తెల్ల గుడ్డ ఒకటి వచ్చింది. లాఠీ కొనన వేలాడుతున్న చొక్కా ముక్క, అందులోంచి కారుతున్న నీళ్లు, పక్కన నిలబడ్డ అత్త, అన్నీ కళ్ల ముందు మెదిలాయి. తెర మీద ఫలితం పడకముందే కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాను.