నాన్నకు వచ్చే జవాబులు

ప్రార్థనంటే అడగడమే కాదు, మౌనంగా ఉండి దేవుడి జవాబు కూడా వినాలని బందరు నుంచి వచ్చిన బోధకుడొకాయన మా దివిసీమ పల్లెలో చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న కాసేపు మాటలాపి, కళ్ళు తెరిచి, దేవుడేమన్నాడో మాకు చెప్పేవాడు. దేవుడికీ నాన్నకీ ఏనాడూ పేచీ రాలేదు. ఎస్సెస్సెల్సీ పాసైన నన్ను గుడివాడ కాలేజీకి పంపొద్దన్నదీ దేవుడేనట.

"నాతోనూ మాట్లాడాడు నాన్నా. చదువుకోమన్నాడు" అన్నాను.

"అది దేవుడి స్వరం కాదే, సాతానుది. మోకాళ్ళూను" అన్నాడు నాన్న.

నాకోసం ప్రార్థన చేసి, ఆమెన్ అంటామని ఆగాడు. నేను నోరు విప్పలేదు. నా ఆమెన్ కూడా అమ్మే చెప్పేసింది.