దాలినాయుడి వైద్యం

దాలినాయుడు పాతపట్నం సంతలో ఇస్త్రీ చొక్కాతో తిరుగుతాడు. పిలవకపోయినా పశువు నోరు తెరిచి చూసి, పెదవి విరుస్తాడు. తెలియదన్న మాట మాత్రం ఛస్తే అనడు. తవిటమ్మ ఆవుకు కడుపుబ్బితే, తోడికోడలు చేతబడి చేసిందని పదిమందిలో తేల్చేసి, డొక్క మీద వాత పెట్టాడు. మర్నాడు ఆవు చచ్చిపోయింది.

పశువుల డాక్టరమ్మ కడుపు కోసి, ఆహారం దిగేచోట గుత్తులుగా పెరిగిన పులిపిర్లు చూపించింది. "వైరస్ వల్ల వచ్చాయి. ఇవి అడ్డుపడి గాలి బయటికి రాలేదు," అంది.

తవిటమ్మ భోరుమంది. "ఏటి మావా, నీ మాటిని నా తోడికోడల్ని వీధిలోకి ఈడ్సి కొట్టినాను కదా!"

దాలినాయుడు తడుముకోలేదు. "వైరస్సని నాకు ముందే తెలుసే. దాన్ని పంపింది మాత్రం నీ తోడికోడలే," అన్నాడు.

చుట్టూ చేరినవాళ్లలో సగంమంది తలలూపారు.