ఏ మూల ముందు తడిసింది

అది కాదండీ, తెలియక నీళ్ళొచ్చే ఇల్లు కొన్నవాళ్ళని అమాయకులనండి, ఒప్పుకుంటాను. తెలిసీ కొన్నాడు కాబట్టి శేషగిరి గారికి మతి లేదంటారేమిటి? పోయిన ఆదివారం, తలో వంటా తెచ్చుకున్న మనవాళ్ళ పొట్లక్‌లో ఈ మాట విని, తింటున్న ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చేశాను. ఇవాళ ఆఫీసులో మ్యాపులకి కాపీలు తీసే మెషిన్ దగ్గర అమోనియా ఘాటు తగలగానే మళ్ళీ మండింది. ఆయన చొక్కాలన్నీ ఆ వాసనే వేసేవి.

డెబ్భైల చివర్లో, సికింద్రాబాద్ నుంచి ఈ దేశం వచ్చిన కొత్తలో, హెర్న్‌డన్ దగ్గర ఒక డ్రైనేజీ ఆఫీసులో నాకు ఫోన్లెత్తే ఉద్యోగం దొరికింది. వాన పడితే చాలు, బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయని జనం తిట్టేవాళ్ళు. రిసీవర్ నా చేతికి అతుక్కుపోయి ఉండేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. వెనక బల్ల దగ్గర శేషగిరి గారు మ్యాపులు గీసేవారు. కృష్ణా డెల్టా మనిషి, భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. ఒకరోజు నేను ఫోన్ విసిరికొట్టినట్టు పెట్టేయడం చూసి లేచి వచ్చారు.

“ఏం అమ్మాయ్, ఆవిణ్ణి తిట్టడం అయిందా?”

“ఆవిడే మొదలుపెట్టిందండీ!”

“సరేలే. మళ్ళీ కాల్ చేసి ఒక్క ముక్క అడుగు. ఏ మూల ముందు తడిసిందిట?”

మూతి ముడుచుకునే అడిగాను. ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ అడిగాను. అక్కడ ఇళ్ళు లేని కాలంలో, అంతా పొలాలుగా ఉన్నప్పటి మ్యాపొకటి ఆయన దగ్గర ఉండేది. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి, నేను చెప్పిన ప్రతి మూలకీ ఒక ఎర్ర చుక్క పెట్టేవారు. రెండేళ్ళ వానలకి ఆ చుక్కలన్నీ కలిసి మెలికలు తిరిగిన గీతయ్యాయి. సరిగ్గా ఆ గీత కిందే, పాత మ్యాపులో, ఒక ఏరు. పేరు టానర్స్ రన్. ఈ వైపు చిన్న ఏటిని రన్ అంటారు. ఇళ్ళు కట్టినప్పుడు దాన్ని పైపులో పెట్టి పూడ్చేశారు. పైన వీధులకి చెట్ల పేర్లు పెట్టుకున్నారు. కొత్త మ్యాపు వేసేటప్పుడు, పైకి కనిపించని నీళ్ళకి పేరెందుకని మా సూపర్‌వైజర్ ఆ రెండు మాటలూ తీయించేశాడు. నేను అరిచాను. శేషగిరి గారు మాత్రం ఆర్నెల్లకి, ఆ గీత మీదే ఇల్లు కొన్నారు.

“కొనొద్దని అందరికీ చెప్పేది మీరే కదండీ! బుద్ధుందా మీకు?” అనేశాను.

ఆయన నవ్వి నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి, ఊరే నీళ్ళు తోడే పంప్ ఉండే గుంట మూత ఎత్తారు. “అరవడం ఆపి, విను.” లోపల ఎక్కడో నీళ్ళు పోతున్నాయి. “మా ఇంటెనక కాలవకి లాకులెత్తిన రోజు అచ్చం ఇట్టాగే ఉండేది. పదిహేనేళ్ళయింది అమ్మాయ్ ఈ దేశం వచ్చి. కొళాయిలో తప్ప నీళ్ళ చప్పుడే వినలా.”

“కార్పెట్ తడిస్తే?”

“ఆరేసుకుంటా.”

నిరుడు వసంతంలో ఆయన గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. ఇంటి తాళం నాకిచ్చారు. ఓ మధ్యాహ్నం కుండపోత. వెళ్ళి చూస్తే బేస్‌మెంట్‌లో చీలమండల దాకా నీళ్ళు. వంటింటి ఫోన్ నుంచి ఆసుపత్రికి కాల్ చేసి విరుచుకుపడ్డాను. “పంప్ ఆగిపోయిందండీ! ముందు ఈ ఇల్లు అమ్మేయండి!”

“ఏ మూల ముందు తడిసింది?”

“ఉత్తరం మూల. ఇప్పుడది ముఖ్యమా?”

“ఆ ఫోన్ కాస్త కిందికి పట్టు.”

చుట్టలు చుట్టుకున్న తీగ మెట్ల చివరిదాకా సాగింది. నీళ్ళలో దిగి, మూత తీసి, రిసీవర్‌ని గుంట మీద పట్టుకుని నిలబడ్డాను. షూస్ నానిపోయాయి. చెయ్యి లాగేస్తున్నా దించలేదు. చాలాసేపటికి చెవి దగ్గర పెట్టుకున్నాను.

“లాకులెత్తారు,” అన్నారు చివరికి.

ఆ వారంలోనే పోయారు. ఇల్లు ఎవరో కొన్నారు. మ్యాపులో ఆ పేరు ఇప్పటికీ లేదు. నేను మాత్రం వాన పడ్డ రోజున, తిట్టేవాళ్ళని తిట్టనిచ్చి, ఏ మూల ముందు తడిసిందని అడుగుతాను. తర్వాత, “మీ ఇంటి కింద ఉన్నది టానర్స్ రన్,” అని చెప్పి గానీ ఫోన్ పెట్టను.

పొట్లక్‌లో నవ్వినవాళ్ళంతా తడి లేని ఇళ్ళే కొనుక్కున్నారు. నేనూ అంతే. ఇంత దూరం వచ్చి, తన ఊరి చప్పుడు ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాని మీదే ఇల్లు కొనుక్కున్నవాడు మనలో ఆయన కాక ఇంకొకరున్నారా? ఉంటే, ఏరీ, ఒక్కరి పేరు చెప్పగలరా?